తాందా కట్టడం నేర్చుకున్న ఏడాది

ఉద్యోగరీత్యా నేను ఉరుగ్వే రాజధాని మాంటెవీడియోకు వచ్చిన మొదటి శీతకాలంలో, అంటే మన దగ్గర వానలు పడే జూలైలో, ఇంటికి నాలుగు వీధుల దూరంలో ఉన్న ఒక చిన్న క్లబ్బులో టాంగో అనే జంట నాట్యం నేర్చుకోవడం మొదలుపెట్టాను. ఏడాది తిరిగాక, ప్రతి మంగళవారం రాత్రి అక్కడ జరిగే సాధనకు పాటలు పెట్టే మనిషి ఊరు మారిపోవడంతో ఆ పని నాకు అప్పగించారు. పాటల గురించి నేను పదేపదే అడుగుతూ ఉండటం చూసి ఇచ్చారే తప్ప, నాట్యానికి పనికివచ్చే పాటలు నా దగ్గర ఎన్ని ఉన్నాయని ఎవరూ అడగలేదు. అసలైనవి అప్పటికి పది కూడా లేవు. అక్కడి నుంచి ఒక సాయంకాలం మొత్తాన్ని నడపగల సేకరణ చేతికి రావడానికి నాకు పద్నాలుగు నెలలు పట్టింది. టాంగో నేర్చుకుంటున్న మనవాళ్లు ఏ ఊళ్లో ఉన్నా, పాటలు కూర్చుకోవలసి వచ్చినప్పుడు ఉపయోగపడుతుందని ఆ క్రమాన్ని రాస్తున్నాను.

మొదటి మంగళవారం నా దగ్గర ఉన్న రెండు వందల పాటల్లో ఎక్కువ భాగం కార్లోస్ గార్దెల్ పాడినవి, ఆస్తోర్ పియాసొలా కూర్చినవి. బయటి దేశాల్లో టాంగో అనగానే దొరికేవి అవే. గార్దెల్ 1935లో విమాన ప్రమాదంలో పోయినా ఇక్కడి ఇళ్లలో ఆయన ఫోటో ఇంకా గోడ మీద ఉంటుంది. నేను ఎంతో భక్తితో ఆయన పాట పెట్టాను. జంటలు కొన్ని అడుగులు వేసి, గది అంచున నిలబడిపోయాయి. ఆ పాటలో గిటార్లు గొంతును అనుసరిస్తాయి, గొంతు మాటను బట్టి సాగుతుంది, ఆగుతుంది. కింద నడక నిలకడగా ఉండదు. ఆ తరువాత పెట్టిన పియాసొలా కృతులు కచేరీలో కూర్చుని వినడానికి రాసినవి. అప్పుడు ఒక పెద్దావిడ నా దగ్గరికి వచ్చి నెమ్మదిగా, “వినడానికి బాగుంది నాయనా, కానీ కాళ్లకు ఏమీ చెప్పడం లేదు” అంది. ఆ మాటను నేను ఇప్పటికీ కొలబద్దగా వాడుతున్నాను. ఒక పాటను సేకరణలో చేర్చే ముందు, కాళ్లకు ఏం చెబుతోందో వినడానికి గదిలో ఒక్కడినే దానితో నడిచి చూస్తాను.

ఆ రాత్రే క్లబ్బులో నలభై ఏళ్లుగా నాట్యమాడుతున్న ఒక పెద్దాయన నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, చంకలో ఉన్న ఫ్లాస్కు నుంచి వేడినీళ్లు పోసి, మాతె అనే ఇక్కడి ఆకు పానీయం ఇస్తూ, “రెండు వందల పాటలు మోసుకురావద్దు. నాలుగు వాద్యబృందాలు తీసుకో. మూడు నెలలు ఇంకేమీ వినకు” అన్నాడు. ఆ బృందాలను నడిపిన నలుగురు హువాన్ దారియెన్సో, కార్లోస్ ది సార్లి, అనీబల్ త్రోయ్‌లో, ఒస్వాల్దో పుగ్లియేసే. ఇంత తక్కువతో ఎలా మొదలుపెట్టాలని అప్పుడు అనుమానపడ్డాను కానీ, ఈ రోజు ఎవరు అడిగినా నేనూ అదే చెబుతాను.

పాటల లెక్క ముందుగా తెలిస్తే కంగారు తగ్గుతుంది. టాంగో నాట్యానికి జనం చేరే సభను మిలోంగా అంటారు. ఆ పేరుతోనే వేగంగా సాగే ఒక పాట రకం కూడా ఉంది. సభలో పాటలు విడివిడిగా రావు, తాందా అనే గుత్తులుగా వస్తాయి. టాంగో తాందాలో సాధారణంగా నాలుగు పాటలు, మూడు దెబ్బల లయలో సాగే వాల్స్ తాందాలోనూ మిలోంగా తాందాలోనూ మూడేసి ఉంటాయి. తాందా మొదలైనప్పుడు కలిసిన జంట అది ముగిసేదాకా కలిసే ఆడుతుంది. తాందాకూ తాందాకూ మధ్య, టాంగోతో సంబంధం లేని ఏదో ఒక సంగీతం అర నిమిషంపాటు వినిపిస్తుంది. దాన్ని కొర్తినా, అంటే తెర అంటారు. తెర పడగానే జంటలు విడిపోయి తమ కుర్చీలకు వెళ్తాయి. రెండు టాంగో తాందాలు, ఒక వాల్స్, మళ్లీ రెండు టాంగోలు, ఒక మిలోంగా అన్నది చాలాచోట్ల పాటించే వరస. ఒక వరసకు ఇరవై రెండు పాటలు, కొర్తినాలతో కలిపి గంటకు కాస్త పైన పడుతుంది. నాలుగు గంటల సభకు డెబ్బై ఏడు, ఎనభై పాటలు చాలు. ఏ రాత్రి ఏది కావాలో ఎంచుకునే వీలు ఉండాలి కాబట్టి దానికి రెట్టింపు, నూట యాభై అనుకున్నాను. వేల పాటలు అక్కర్లేదని తెలిశాక ఒక్కో పాట మీద కూర్చునే ఓపిక వచ్చింది.

మొదటి నెల అంతా దారియెన్సోనే. ఆయనను ఇక్కడ కొంపాస్‌కు రాజు అంటారు. కొంపాస్ అంటే నడిపించే లయ. 1935 చివర్లో రొదొల్ఫో బియాజి అనే పియానో విద్వాంసుడు ఆయన బృందంలో చేరి 1938 మధ్యదాకా ఉన్నాడు. ఆ రెండున్నరేళ్ల రికార్డులు కొత్తగా అడుగులు నేర్చుకునేవారికి ఊతకర్ర లాంటివి. “నుయెవే దె హూలియో”, 1936 నాటి “ఎల్ ఫ్లెతె”, 1937 నాటి “ఎల్ చోక్లో” వినండి. వయొలిన్లూ, రెండు చేతుల మధ్య తిత్తిని లాగి నొక్కి వాయించే బాందొనియోన్లూ ఒక వాక్యం ముగించి ఊపిరి తీసుకునే చోట, బియాజి కుడిచేతి వేళ్లు రెండు మూడు స్వరాలను టకటకా విసిరి ఆ ఖాళీని నింపేస్తాయి. మన కచేరీలో పాడేవారు పల్లవి ముగించి ఆగిన క్షణంలో మృదంగం చిన్న ముక్తాయింపుతో చోటు నింపడం విని పెరిగిన చెవికి ఇది వెంటనే పట్టుబడింది. ఆ ఖాళీ ఎక్కడ వస్తుందో ముందే తెలిస్తే, అక్కడ అడుగు ఆపి పియానోను పలకనివ్వవచ్చు. నేను మొదట కట్టిన తాందా ఈ రికార్డులతోనే.

రెండో నెల ది సార్లి దగ్గర నేను తప్పు చేశాను. ఈ వ్యాసంలో నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఆ తప్పు వల్లనే నాకు తెలిసింది. ఒకే బృందం కదా అని ఆయన పాటలు నాలుగు తీసి తాందా కట్టాను. మొదటి రెండూ 1940 ప్రాంతంలో రొబెర్తో రుఫినో పాడినవి, తరువాతి రెండూ 1950ల నాటి వాద్య సంగీతం. మూడో పాట మొదలవగానే గదిలో జంటల నడక చెదిరింది. ఒకే పేరు కింద ఇద్దరు వేర్వేరు మనుషులు వాయిస్తున్నట్టు ఉంది. పెద్దాయన ఏమీ అనలేదు, మరుసటి వారం “ఎల్ అమనెసేర్” మూడు సార్లు వినమన్నాడు.

ఆ మాటకు తెల్లవారుజాము అని అర్థం. రొబెర్తో ఫిర్పో కూర్చిన ఈ టాంగోను ది సార్లి 1942లో, 1951లో, 1954లో మూడు మార్లు రికార్డు చేశాడు. మూడింటినీ ఒక రాత్రి వరసగా విన్నాను. వయొలిన్లు పిట్టల కూతలను పలికించే చోటు మూడింటిలోనూ ఉంది. 1942 నాటి దానిలో నడక చురుకుగా ఉండి, పిట్ట కూతలు లయకు అతుక్కుని, పనికి బయలుదేరే వీధిలో వినిపించినట్టు ఉంటాయి. 1954కు వచ్చేసరికి నడక నెమ్మదించింది, వయొలిన్ల గుంపు నిండుగా పరుచుకుంది, ది సార్లి ఎడమచేతి పియానో స్వరాలు అడుగున గంటలా మోగుతూ ఒక అడుగునుంచి మరో అడుగుకు మనిషిని అందిస్తున్నాయి. పాట ఒకటే, బృందం పేరు ఒకటే, నాట్యం మాత్రం వేరు. ఆ రాత్రి నుంచి పాట పేరు కన్నా రికార్డు చేసిన సంవత్సరాన్ని ముందు చూడటం అలవాటైంది. తాందా అంటే కదంబం కాదని నాకు అప్పుడు అర్థమైంది. ఒకే బృందం, ఒకే గాయకుడు లేదా గాయకుడు లేని వాద్యం, దగ్గర దగ్గర సంవత్సరాలు. అంటే ఒకే చెట్టు పూలు ఒకే పూట కోసి కట్టిన దండ. ఆడేవాళ్లు మొదటి పాట విని తమకు తగిన జోడీని ఎంచుకుంటారు, తక్కిన మూడు పాటలూ ఆ మాట నిలబెట్టాలి. ఈ నియమాన్ని సడలించగల అనుభవజ్ఞులు ఉన్నారు కానీ, సేకరణ మొదలుపెట్టే మనిషి సడలించకూడదని నా గట్టి అభిప్రాయం.

సంవత్సరాలను పట్టించుకోవడం మొదలుపెట్టాక గాయకుల సంగతీ తేటపడింది. 1930లలో గాయకుడు చాలావరకు మధ్యలో వచ్చి పల్లవి మాత్రం పాడి కూర్చునేవాడు. ఫ్రాన్సిస్కో కనారో బృందంతో రొబెర్తో మైదా 1935లో పాడిన “పొయేమా” అలాంటిది. చాలాసేపు వాద్యమే వినిపించి, గొంతు వచ్చి వెళ్లిపోతుంది. 1940లలో గాయకుడి స్థానం పెరిగింది, జంటపేర్లు పుట్టాయి. త్రోయ్‌లోకు ఫ్రాన్సిస్కో ఫియొరెంతినో, మిగేల్ కలోకు రాఉల్ బెరోన్, రికార్దో తాంతూరికి అల్బెర్తో కస్తీషో, ఆంహెల్ దాగొస్తినోకు ఆంహెల్ వార్గస్. ఈ చివరి ఇద్దరినీ పేర్లను బట్టి ఇద్దరు దేవదూతలు అంటారు. కస్తీషో చదువుకు వైద్యుడు. ఆయన గొంతులో మాట విరుపు ఎంత స్పష్టంగా ఉంటుందంటే, స్పానిష్ సగం మాత్రమే వచ్చిన నాకు కూడా అడుగు ఎక్కడ వేయాలో మాటే చెప్పేది. త్రోయ్‌లో–ఫియొరెంతినోల నుంచి నేను కట్టుకున్న తొలి తాందా “తోదా మి వీదా”, “తె అకొన్సేహో కె మె ఒల్వీదెస్”, “ఎల్ బులీన్ దె లా కాషె అయకూచో”, “తింతా రోహా”. నాలుగూ 1941 నాటివే. కలో–బెరోన్ తాందా అంతా 1942 నాటిది. ఈ రెండు తాందాలూ ఇప్పటిదాకా నేను మార్చలేదు.

పుగ్లియేసేను మాత్రం చాలా రోజులు పక్కన పెట్టాను. 1946 నాటి “లా యుంబా”ను ఇక్కడివాళ్లు “షుంబా” అని పలుకుతారు, బృందం మొత్తం ఒత్తి విడిచే ఆ లయ శబ్దమే ఆ పేరు. ఆ సంగీతం ఆగుతుంది, లాగుతుంది, ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. కొత్తవాళ్లు ఉన్న గదిలో తొందరపడి పెడితే ఢీకొట్టుకుంటారు. అందుకని 1944 నాటి “రెకుయెర్దో” లాంటి, నడక ఇంకా చేజారని రికార్డులతో ఒకే ఒక్క తాందా కట్టి, రాత్రి చివరి గంటకు దాచుకున్నాను.

వాల్స్, మిలోంగా రకాల్లో ఎంపిక సులువు. రెండింటిలోనూ దారియెన్సో, కనారోల రికార్డులు మొదటి సేకరణకు సరిపోతాయి. “దెస్దె ఎల్ అల్మా” వాల్స్‌ను కూర్చిన రోసీతా మేలో ఈ మాంటెవీడియోలోనే పుట్టింది, దాన్ని కూర్చేనాటికి పద్నాలుగేళ్ల పిల్ల. “లా పున్యలాదా” మిలోంగా కూర్చిన పింతీన్ కస్తెషానోస్ కూడా ఈ ఊరివాడే. ఊళ్లో ఈ పాటలు పెడితే ముసలివాళ్ల ముఖాల్లో వచ్చే వెలుగు వేరు.

పాటలు ఏవో తెలిశాక, వాటి ఏ ప్రతి కొనాలన్నది అంతకన్నా పెద్ద పని అయింది. ఇవన్నీ నిమిషానికి 78 చుట్ల వేగంతో తిరిగే లక్క రికార్డుల మీద పుట్టినవి. ఒక్కో ముఖం మూడు నిమిషాలు. తరువాతి కాలంలో ఎవరెవరో ఆ ప్లేట్ల నుంచి టేపులకు, సీడీలకు ఎక్కించారు. ఆ ఎక్కింపులో కొందరు రణగొణ తగ్గించబోయి వయొలిన్ల మెరుపు తుడిచేశారు, కొందరు లేని ప్రతిధ్వని కలిపారు, ఒకే చానెల్ ధ్వనిని బలవంతంగా రెండుగా చీల్చారు, మరికొందరు ప్లేటును తప్పు వేగంతో తిప్పారు. నేను మొదట్లో చవకగా కొన్న ఒక సంకలనంలో ది సార్లి పాట ఒకటి ఎప్పుడు పెట్టినా జంటలు తడబడేవి. వేరొక ప్రతి సంపాదించి పోల్చి చూస్తే, ఒకటి మూడు నిమిషాలు, నా దగ్గర ఉన్నది రెండు నిమిషాల యాభై సెకన్లు. చెవులకు అనుమానం తీరక, సాధన కోసం ఫోన్‌లో పెట్టుకున్న శ్రుతి పెట్టె యాప్ తెరిచి రెండింటికీ ఆధార శ్రుతి కలిపి చూశాను. చవక ప్రతి అర స్వరం పైన ఉంది. వేగం నూటికి ఆరు పాళ్లు పెరిగితే శ్రుతి అర స్వరం పెరుగుతుంది, నిడివిలో పది సెకన్లు తగ్గుతాయి. లెక్క సరిగ్గా సరిపోయింది. పియానో, బాందొనియోన్ రెండూ స్థిర శ్రుతి వాయిద్యాలు కాబట్టి, పాట అటూ ఇటూ కాని శ్రుతిలో తేలితే వేగాన్ని శంకించవచ్చు. చిన్నప్పుడు మా అక్క సంగీత పాఠాల కోసం కొన్న శ్రుతి పెట్టెతో నాకు అబ్బిన అలవాటు రియో దె లా ప్లాతా నది ఒడ్డున ఇలా పనికివచ్చింది.

మంచి ప్రతుల కోసం ఒక శనివారం పడవ ఎక్కి బ్యూనస్ ఐరిస్ వెళ్లాను. కషావో, కొర్రియెంతెస్ వీధుల మూలన ఉన్న సీవాల్స్ దుకాణంలో టాంగో సీడీల అరల ముందు మూడు గంటలు నిలబడ్డాను. అక్కడ నేను నేర్చుకున్నది, అట్ట మీద సంవత్సరం, గాయకుడి పేరు అచ్చు వేయని సంకలనాన్ని ముట్టుకోకూడదని. ఒక బృందం, ఒక గాయకుడు, ఒక కాలం అని అట్ట మీదే చెప్పే సీడీ ఖరీదు ఎక్కువైనా, అందులోని ఇరవై పాటల్లో నాలుగైదు తాందాలు దొరుకుతాయి. పాత ప్లేట్ల నుంచి శ్రద్ధగా కొత్తగా ఎక్కించి డిజిటల్ ప్రతులు అమ్మేవారు ఇప్పుడు ఉన్నారు. డబ్బు పెట్టగలిగినవారు నేరుగా అక్కడ మొదలుపెట్టవచ్చు. అందరికీ అందే స్ట్రీమింగ్ సర్వీసుల్లో ఈ పాటలు చాలావరకు ఉన్నా, సంవత్సరం స్థానంలో సంకలనం వేసిన ఏడాది రాసి ఉంటుంది. 1938 నాటి పాట మీద 2005 అని కనిపిస్తుంది. అలాంటి ప్రతి పాటకూ డిస్కోగ్రఫీలు, అంటే రికార్డుల జాబితాలు చూసి తేదీ సరిచేసుకోవలసిందే.

కంప్యూటర్‌లో ప్రతి పాటకూ బృందం, గాయకుడు, రికార్డు తేదీ, రకం, ఏ ప్రతి నుంచి వచ్చిందన్న ఐదు వివరాలూ ఒకే పద్ధతిలో రాసుకున్నాను. పాటల స్థాయి హెచ్చుతగ్గులుగా ఉంటే ఫైలును మార్చకుండా, ప్లేయర్‌లోనే ధ్వని సమం చేసే సదుపాయాన్ని వాడాను. ఈ పని విసుగ్గా ఉంటుంది, వాయిదా వేయాలనిపిస్తుంది. పాటలు నూట యాభై ఉన్నప్పుడే ఇది పూర్తి చేసుకోవాలి.

ఆదివారాలు మాత్రం త్రిస్తాన్ నర్వాహా సంతకు పోయేవాణ్ణి. పాత తాళాలు, పుస్తకాలు, పక్షి పంజరాల మధ్య ఒక ముసలాయన అట్టపెట్టె నిండా లక్క ప్లేట్లు పెట్టుకుని, పక్కన చిన్న రేడియోలో రేడియో క్లారీన్ వింటూ కూర్చునేవాడు. మొదటిసారి ఆ పెట్టెలో చేయి పెట్టి ఒక ప్లేటు పైకి తీస్తే, గ్రామఫోను గొట్టం ముందు చెవులు రిక్కించి కూర్చున్న కుక్క కనిపించింది. మా తాతగారి ఇంట్లో పద్యాల పెట్టెలో ఉన్న కుక్క బొమ్మ ప్లేట్లు కళ్లముందు తిరిగి, కొంతసేపు దాన్ని కింద పెట్టలేకపోయాను. ఇది విక్టర్ ప్లేటు, దారియెన్సో బృందం. కింద ఉన్నది ఓడియన్, కనారో. ఏ బృందం ఏ కంపెనీకి పాడిందో తెలిస్తే వెతుకులాట సగం తగ్గుతుంది: దారియెన్సో, తాంతూరి, దాగొస్తినోలు విక్టర్; బియాజి సొంత బృందం, 1940లలో కలో, పుగ్లియేసేలు ఓడియన్. ఆ ప్లేటు కొనలేదు, నా దగ్గర వాయించే యంత్రం లేదు. దాని ముద్ర మీద ఉన్న అంకెలు మాత్రం రాసుకున్నాను.

పద్నాలుగో నెలలో క్లబ్బు వార్షికోత్సవ మిలోంగాకు నన్నే పాటలు పెట్టమన్నారు. దారియెన్సోతో మొదలుపెట్టి, వరస తప్పకుండా నడిపి, మూడో గంట దాటాక పుగ్లియేసే తాందా పెట్టాను. గది నిండా ఉన్నా ఎవరూ ఎవరినీ తాకలేదు. చివర, ఎక్కడైనా మిలోంగాకు మంగళం పాడే “లా కుంపార్సీతా”. హెరార్దో మాతోస్ రొద్రీగెస్ అనే ఆర్కిటెక్చర్ విద్యార్థి ఈ ఊళ్లోనే విద్యార్థుల కార్నివాల్ ఊరేగింపు కోసం దాన్ని కూర్చాడు. ఫిర్పో బృందం దాన్ని మొదట వాయించిన కాఫీ హోటలు ఉన్న చోట ఇప్పుడు సాల్వో భవనం నిలబడి ఉంది. 1937 నాటి దారియెన్సో ప్రతి పెట్టాను. నా దగ్గర ఆ పాట నాలుగు రకాలున్నా, బియాజి వేళ్లు వినిపించేది అదే.

వైర్లు చుడుతుంటే మొదటి మంగళవారం నాటి పెద్దావిడ వచ్చి, బూట్లు సంచిలో పెట్టుకుంటూ, “వచ్చే వారం దొనాతో ఉంటుందా?” అని అడిగింది. ఎద్గార్దో దొనాతో “ఆ మేదియా లూస్” కూర్చింది మాంటెవీడియోలోనే, అడిగే హక్కు ఆవిడకు ఉంది. ఉంటుందని చెప్పాను. ఒరాసియో లాగోస్ పాడిన 1938 నాటి “ఎల్ అదియోస్” నా దగ్గర ఉంది, దాని పక్కన నిలబడగలిగింది ఇంకొక్కటి ఉంది. తక్కిన రెండింటి కోసం ఆ రాత్రే డిస్కోగ్రఫీ తెరిచి కూర్చున్నాను.